రిపోర్టు చేతికొచ్చాక పక్కన నిలిచే ఉద్యోగం

డిగ్రీ చివరి ఏడాది పిల్లల దగ్గర ఆసుపత్రి ఉద్యోగాల మాట ఎత్తితే చాలు, "మేం బైపీసీ కాదండీ" అనేస్తారు. ఆసుపత్రి అంటే డాక్టరు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, అంతేనని మన ఊళ్లలో లెక్క. క్యాన్సర్ వైద్యంలో ఈ ముగ్గురికీ తీరిక దొరకని పని ఒకటుంది. రిపోర్టు పట్టుకుని వరండాలో దిక్కుతోచక నిలబడ్డ కుటుంబాన్ని కూర్చోబెట్టి, ఇప్పుడేం చేయాలో వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, కాగితాలు కుదిర్చి, చికిత్స సగంలో ఆగిపోకుండా చివరిదాకా వెంట ఉండే పని అది. దానికి చదువుంది, శిక్షణ ఉంది, జీతముంది. బీఏ, బీకాం చదివినవాళ్లకూ దారి ఉంది. గోదావరి జిల్లాల పిల్లలు దీన్ని సేవాకార్యక్రమంగా కాకుండా వృత్తిగా చూడాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

ఒకప్పుడు క్యాన్సర్ అంటే హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రికో, మద్రాసుకో బండి కట్టాల్సిందే. ఇప్పుడు రాజమహేంద్రవరం పక్కనే రాజానగరంలో జీఎస్ఎల్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో ఆపరేషన్, కీమో, రేడియేషన్ మూడూ ఉన్నాయి. వైద్యం దగ్గరికొచ్చింది, ఖర్చు భారం కొంత తగ్గింది. అయినా మనవాళ్లు ఆలస్యంగానే చేరుతున్నారు. నోట్లో పుండు మానకపోతే ముందు ఆర్‌ఎంపీ దగ్గర నెలా రెండు నెలలు, ఆ తర్వాత ఎవరో చెప్పిన పసరు. ముక్క తీసి పరీక్షకు పంపాలంటే "కత్తి తగిలితే పాకుద్దంట కదండీ" అన్న భయం. ఆ భయానికి ఆధారం లేదని, ముక్క పరీక్ష లేకుండా చాలా క్యాన్సర్లకు వైద్యమే మొదలుకాదని నెమ్మదిగా చెప్పే మనిషి కావాలి. అప్పటికి ఒప్పుకున్నా "దాళ్వా కోతలయ్యాక వస్తాం" అంటారు. కౌలురైతుకు ఆ మాట సాకు కాదు, నిజంగానే బతుకుతెరువు. కోనసీమలోనైతే కువైట్‌లో పనిచేస్తున్న కూతురు ఫోన్‌లో సరేననేదాకా ఆపరేషన్ కాగితం మీద సంతకం పడదు. ఇవేవీ డాక్టరు చీటీలో రాసి పరిష్కరించే సంగతులు కావు.

న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రిలో సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ ఇదే గమనించారు. పేద నల్లజాతి స్త్రీలు రొమ్ము క్యాన్సర్‌తో బాగా ముదిరాక వస్తున్నారు. పరీక్షలు అందుబాటులోకి తెచ్చి, అనుమానం తేలిన ప్రతి ఒక్కరి వెంటా చికిత్స మొదలయ్యేదాకా నడిచేందుకు 1990లో ఒక మనిషిని పెట్టారు. అంతకుముందు అక్కడ అయిదేళ్లు బతికినవారు 39 శాతం. ఈ రెండు ఏర్పాట్లూ కలిశాక అది 70 శాతానికి చేరింది. అలా వెంట నడిచేవారికి పేషెంట్ నావిగేటర్ అని పేరొచ్చింది. మన దేశంలో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) కలిసి 'కేవట్' పేరుతో ఏడాది కోర్సు నడిపాయి. ఆసుపత్రిలో పనిచేస్తూనే నేర్చుకునే పద్ధతి అది. డిగ్రీ పూర్తిచేసి ఈ వైపు రావాలనుకునేవారు ముందుగా వాకబు చేయాల్సింది దాని గురించే. ప్రవేశాల వివరాలు ఆ రెండు సంస్థల ప్రకటనల్లో చూసుకోవాలి.

ఇంతకీ రోజంతా ఏం చేస్తారు?

ముందు సంచి తెరుస్తారు. మన పేషెంట్లు రిపోర్టులన్నీ బట్టల దుకాణం ప్లాస్టిక్ సంచిలో కుక్కి తెస్తారు. రెండేళ్ల కిందటి షుగరు పరీక్ష పైన ఉంటుంది, అసలైన బయాప్సీ కాగితం అడుగున నలిగిపోయి ఉంటుంది. దాన్నంతా తారీకుల వారీగా ఫైలులో పెట్టడంతో పని మొదలవుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ముక్క తీసినచోట ఇచ్చిన కాగితం ఒక్కటే సరిపోదు. ఆ ముక్కను మైనంలో పెట్టి దాచిన చిన్న దిమ్మ (బ్లాకు), గాజు పలక మీద అతికించిన స్లైడు ఉంటాయి. వేరే ఆసుపత్రికి వెళ్తే అక్కడి పాథాలజీ వాళ్లు వాటిని తెమ్మంటారు. తేకపోతే అగనంపూడి నుంచి మళ్లీ అమలాపురానికో భీమవరానికో తిరిగొచ్చి, ఆ ల్యాబు వెతుక్కుని, తీసుకెళ్లాలి. వారం గడిచిపోతుంది, ఒక రోజు కూలి పోతుంది, కొందరు ఆ విసుగుతోనే మానేస్తారు. "బయల్దేరే ముందు బ్లాకూ స్లైడూ అడిగి తీసుకోండి" అని ముందురోజు చేసే ఒక్క ఫోన్ ఆ వారాన్ని కాపాడుతుంది.

తర్వాత రైలు. చికిత్సకో, మళ్లీ చూపించుకోవడానికో గుర్తింపు పొందిన ఆసుపత్రికి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ మీద నూరు శాతం, వెంట వచ్చే ఒకరికి 75 శాతం రైల్వే రాయితీ ఉంది. నిర్ణీత నమూనాలో డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర ఉంటే చాలు. రాజమండ్రిలో ఎక్కి దువ్వాడలో దిగేవాళ్లలో ఈ కాగితం సంగతి తెలియక పూర్తి టికెట్ కొంటున్నవాళ్లు ఎందరో. రేడియేషన్, జనం మాటల్లో 'కరెంటు పెట్టడం', చాలా క్యాన్సర్లకు వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు సాగుతుంది. అన్ని రోజులు ఎక్కడ ఉంటారు, ఏం తింటారు, ఇంటి దగ్గర గేదెను ఎవరు చూస్తారు? ఇవన్నీ అడిగి రాసుకోవాలి.

కీమో ఎక్కించి ఇంటికి పంపేటప్పుడు చెప్పే మాట ఇంకా ముఖ్యం. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు, ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకుని ఊరుకోకూడదు, రాత్రయినా సరే ఆసుపత్రికి వచ్చేయాలి. కీమో వల్ల తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరం గంటల్లో ప్రాణం మీదికి తేవచ్చు. ఈ మాట పేషెంటుకు ఒక్కరికే చెబితే చాలదు. ఇంట్లో ఫోన్ ఎత్తేదెవరో తెలుసుకుని వాళ్లకూ చెప్పాలి, విన్నది వాళ్ల నోటితో తిరిగి చెప్పించాలి. శిక్షణ పొందినవారికీ ఊరికే సాయానికొచ్చినవారికీ తేడా తెలిసేది ఇలాంటి చోటే.

చెప్పాలా, దాచాలా అన్నది మరో చిక్కు. "ఆయనకి మాత్రం క్యాన్సరని చెప్పకండమ్మా, తట్టుకోలేరు" అంటుంది భార్య తలుపు దగ్గర. లోపలికి వెళ్తే ఆయన గొంతు తగ్గించి "ఏమ్మా, ఇది పెద్ద జబ్బేనా? మా ఆవిడకి చెప్పకు, కంగారుపడుద్ది" అంటాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఒంటరిగా మోస్తున్నారు. కౌన్సెలర్ అబద్ధం చెప్పకూడదు, ఉన్నదంతా ఒక్కసారి కుమ్మరించకూడదు. ఆయనకు ఎంత తెలుసో, ఎంత తెలుసుకోవాలనుందో ముందు అడగాలి. ఆవిడ భయం దేనికో వినాలి. తర్వాత ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టాలి. ఇది మంచితనం ఉంటే దానంతటదే వచ్చే విద్య కాదు, సాధన చేసి నేర్చుకునేది. ఎంఎస్‌డబ్ల్యూలో మెడికల్ అండ్ సైకియాట్రిక్ సోషల్ వర్క్ తీసుకున్నవారికి, ఎంఏ సైకాలజీ చేసినవారికి ఈ పునాది పడుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం ఉంది. మన రాష్ట్రంలో ఈ పీజీ సీట్లకు ఏపీ పీజీసెట్, టిస్‌కు సీయూఈటీ పీజీ రాయాలి.

నర్సింగ్ చేసినవారికి దారులు ఇంకా ఎక్కువ. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిర్దేశించిన ఏడాది ఆంకాలజీ నర్సింగ్ పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. పేగు ఆపరేషన్ తర్వాత పొట్ట మీద సంచి పెట్టినవారికి దాన్ని మార్చుకోవడం, చర్మం ఒరిసిపోకుండా చూసుకోవడం నేర్పే స్టోమా నర్సులకు టాటా మెమోరియల్‌లో ప్రత్యేక శిక్షణ ఉంది. గ్రామ ఆరోగ్య క్లినిక్కుల్లో పనిచేసే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు (ఎంఎల్‌హెచ్‌పీలు), ఏఎన్ఎంలు 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల ప్రాథమిక పరీక్షలు చేస్తున్నారు. లంక పొగాకు పండిన నేల మనది. 1947లోనే పొగాకు పరిశోధనకు కేంద్ర సంస్థను రాజమండ్రిలో పెట్టారు. చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్న ఇంట్లో నోరు తెరిపించి టార్చి వేసి చూడటం ఒక పనైతే, అనుమానం ఉందని చెప్పాక ఆ మనిషి జిల్లా ఆసుపత్రికి వెళ్లాడా లేదా అని వెంటపడటం రెండోది. రెండోది జరగకపోతే మొదటిది వృథా.

ఎన్టీఆర్ వైద్యసేవ పథకం కింద ఆసుపత్రుల్లో కూర్చునే ఆరోగ్యమిత్రలూ ఈ కోవకే వస్తారు. ఎక్కువగా నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నాలజీ చదివినవారిని తీసుకుంటున్నారు. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కొలువులే. జీతం మొదట్లో తక్కువని ముందే తెలుసుకుని దిగండి. కానీ అప్రూవల్ ఎక్కడ ఆగింది, ఏ కాగితం తక్కువైంది అన్నది ఆరోగ్యమిత్రకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అక్కడ రెండేళ్లు మనసుపెట్టి పనిచేసినవారు ఏ క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా నిలదొక్కుకుంటారు.

లెక్కలు ఇష్టమైనవారి సంగతి మరో తీరు. 2025 మార్చిలో బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న ఆందోళన శాసనసభ దాకా వెళ్లింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. ఏ ఊరి గురించైనా ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ఉన్న కేసులు మామూలు కంటే ఎక్కువా కాదా, ఏ అవయవానికి, ఏ వయసులో, ఎన్నేళ్లుగా అన్నది ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్న లెక్క ఉంటేనే తేలుతుంది. ఆ లెక్క రాసే పనే క్యాన్సర్ రిజిస్ట్రీ. దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 1981లో ఈ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పుడు బెంగళూరులోని ఆ మండలి సంస్థ ఎన్‌సీడీఐఆర్ నడిపిస్తోంది. ఆసుపత్రులు, ల్యాబులు, మరణాల నమోదు పుస్తకాలు తిరిగి ఒక్కో కేసునూ సరిచూసి కోడ్ చేసే సిబ్బంది దీనికి కావాలి. బీఎస్సీ స్టాటిస్టిక్స్, పబ్లిక్ హెల్త్ చదివినవారికి సరిపోయే పని. ఇంటింటి సర్వే చేసినప్పుడు 'అనుమానం' అంటే ఏమిటి, 'నిర్ధారణ' అంటే ఏమిటి అన్నది ఊరివాళ్లకు విడమరచి చెప్పగలిగినవారు ఉంటే సగం పుకార్లు పుట్టవు. తెలుగులో సూటిగా, తప్పు లేకుండా రాయగల జర్నలిజం విద్యార్థులు ఇక్కడ చేయగలిగింది ఎంతో ఉంది. కీమో అంటే ఏమిటో, ఇంటికెళ్లాక ఏం చూసుకోవాలో చెప్పే నాలుగు పేజీల చక్కటి తెలుగు పుస్తకం ప్రతి పేషెంటు చేతిలో ఉండాలి.

ఇక హక్కుల కోసం నిలబడే పని. రక్త క్యాన్సర్ మందు గ్లివెక్ నెలకు లక్ష రూపాయలు దాటిన రోజుల్లో, ముంబైలోని క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ ఆ మందు పేటెంట్‌ను సవాలు చేసింది. 2006లో చెన్నై పేటెంట్ కార్యాలయం పేటెంట్ ఇవ్వనంది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్నే నిలబెట్టింది. ఈ పోరాటంలో మన హైదరాబాద్ నాట్కో కంపెనీ కూడా ఉంది. అదే నాట్కోకు 2012 మార్చిలో కాలేయం, మూత్రపిండాల క్యాన్సర్లకు వాడే నెక్సవార్ మందు తయారీకి దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు వచ్చింది. నెలకు 2 లక్షల 80 వేల రూపాయల మందు 8,880 రూపాయలకు దిగింది. 2019లో 42 క్యాన్సర్ మందులపై వ్యాపార లాభానికి 30 శాతం పరిమితి పెట్టారు. పేషెంట్ల తరఫున కాగితం పట్టుకుని అడిగేవాళ్లు లేకపోతే గ్లివెక్ కేసు అంత దూరం వెళ్లేది కాదు. ఎల్ఎల్‌బీ చదివే పిల్లలు, బీఫార్మసీ, ఫార్మ్ డీ పిల్లలు ఈ కేసులు చదవాలి.

నయం కాని దశలో ఉన్నవారికి నొప్పి తగ్గించి, ఇంటి దగ్గరే చూసుకునే పాలియేటివ్ కేర్ మన డెల్టాకు అన్నిటికంటే ఎక్కువ కావాలని నా అభిప్రాయం. "ఇంక చేసేదేం లేదు, తీసుకెళ్లిపోండి" అన్న మాటతో ఇంటికొచ్చిన మనిషి నొప్పితో అరుస్తుంటే ఇల్లంతా నిద్రపోదు. మార్ఫిన్ మాత్ర చవకైనది, డాక్టరు పర్యవేక్షణలో సురక్షితం. 2014లో చట్టం సవరించాక అది ఆసుపత్రులకు అందడం సులువైంది. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ నెలకొల్పిన పాలియం ఇండియా డాక్టర్లకు, నర్సులకు, వాలంటీర్లకు శిక్షణ ఇస్తోంది. హైదరాబాద్ ఎంఎన్‌జేలో పాలియేటివ్ విభాగం ఉంది. నర్సు ఒకరు, సోషల్ వర్కర్ ఒకరు, ఒక వాహనం ఉంటే మండలానికి సరిపోయే బృందం తయారవుతుంది. అలాంటి బృందాలు రావాలంటే ముందు నేర్చుకున్న మనుషులు ఉండాలి.

ఒక హెచ్చరిక. 'పేషెంట్ కోఆర్డినేటర్' అని ప్రకటన ఉన్నంత మాత్రాన అది ఈ ఉద్యోగమని అనుకోకండి. కొన్నిచోట్ల అది పేషెంట్లను పోగుచేసి తెచ్చే మార్కెటింగ్ పని. "టార్గెట్ ఉంటుందా, కమిషన్ ఉంటుందా?" అని ఇంటర్వ్యూలోనే అడగండి. ఉందంటే లేచి వచ్చేయండి. పేషెంటుకు మరో ఆసుపత్రే మంచిదైతే ఆ మాట చెప్పే స్వేచ్ఛ లేనిచోట ఈ పని చేయలేరు. రెండోది, మందు మార్చమని, మోతాదు తగ్గించమని మీరు చెప్పకూడదు. అది డాక్టరు పని. పేషెంటు పేరు, జబ్బు వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. ఈ పనిలో మరణాలు చూస్తారు, బాగా దగ్గరైనవాళ్లు పోతారు. వారానికోసారి సీనియర్లతో కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఉందో లేదో కూడా చేరేముందే అడగాలి. లేకపోతే ఏడాదిలో అలసిపోతారు.

కోర్సుకు డబ్బు కట్టేముందు ఈ పని మీకు పడుతుందో లేదో చూసుకోండి. దగ్గర్లోని ఆసుపత్రి సూపరింటెండెంట్ దగ్గర అనుమతి తీసుకుని, కొన్ని శనివారాలు ఆరోగ్యమిత్ర కౌంటర్ పక్కన కూర్చోండి. ఎవరు ఏ కాగితం లేక వెనక్కి వెళ్లారో పేర్లు లేకుండా ఒక నోటుపుస్తకంలో రాయండి. రేపు ఎంఎస్‌డబ్ల్యూ సీటుకైనా, ఆసుపత్రి ఉద్యోగానికైనా ఎదురుగా కూర్చున్నవారు "ఇదే ఎందుకు?" అని అడిగితే ఆ పుస్తకం తెరిచి చూపించండి.