మార్కెట్ రుసుము, యార్డు సేవలు: వ్యవసాయ వాణిజ్యం స్థిరపడే చోటు

స్థానిక పన్ను అధికమైన చోటి నుండి వ్యాపారం తరలిపోతుందని, తక్కువైన చోటికి చేరుతుందని సాధారణంగా భావిస్తారు. వ్యవసాయోత్పత్తుల విషయంలో ఇది సగమే నిజం. రుసుము చెల్లించిన చోట తూకం, నిల్వ, నికరమైన కొనుగోలు లభిస్తాయా అన్నది కూడ అంతే ముఖ్యం.

బీహార్ ప్రభుత్వం 2006లో వ్యవసాయ మార్కెట్ల చట్టాన్ని రద్దు చేసింది. రుసుముతో పాటు మార్కెట్ కమిటీలూ తొలగిపోయాయి. ప్రైవేటు పెట్టుబడితో కొత్త మార్కెట్లు వెలుస్తాయన్న అంచనా పెద్దగా ఫలించలేదు. ఆదాయం లేక పాత యార్డుల నిర్వహణ కుంటుపడింది. చిన్న రైతులు ఊరిలోని వ్యాపారికే కనీస మద్దతు ధరకన్న తక్కువకు ధాన్యం అమ్ముకొనవలసి వచ్చింది. ఆ ధాన్యంలో కొంత లారీలపై పంజాబ్ మండీలకు చేరుతూ వచ్చింది. అక్కడ ధాన్యంపై 3 శాతం మార్కెట్ రుసుము, మరొక 3 శాతం గ్రామీణాభివృద్ధి రుసుము, ఆపైన కమీషన్ ఉన్నాయి. పన్ను లేని చోటి సరుకు పన్ను హెచ్చుగా ఉన్న చోటికే ప్రయాణించింది.

అయితే దీనిని మండీ సేవల ఘనతగా మాత్రమే చూడడం పొరపాటు. పంజాబ్‌లో సాధారణ వరి ధాన్యాన్ని ప్రధానంగా కొనేవి ప్రభుత్వ సంస్థలు. రుసుము భారం చివరకు కేంద్ర ఆహార సబ్సిడీలో కలుస్తుంది. బాస్మతి సంగతి వేరు. దానిని కొనే మిల్లర్లు, ఎగుమతిదారులు పొరుగు రాష్ట్రానికి పోగలరు. అందువలననే 2020లో పంజాబ్ ప్రభుత్వం బాస్మతిపై ఈ రెండు రుసుములను 2 శాతం నుండి 1 శాతానికి తగ్గించింది. పంట ఒకటే, కొనేవాడు మారగానే పన్ను ప్రభావం మారింది.

రుసుము సమానంగా ఉన్నచోట సేవల ప్రభావం విడిగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మిర్చిపై మార్కెట్ రుసుము 1 శాతం. అయినా ప్రకాశం, కర్నూలు ప్రాంతాల మిర్చి ఎంత దూరమైనా గుంటూరు యార్డుకు వస్తుంది. అక్కడ కొనుగోలుదారులు ఎక్కువ. చుట్టూ శీతల గిడ్డంగులు ఉన్నందున ధర నచ్చని రైతు సరుకు నిల్వచేసి వేచి ఉండగలడు. ఈ గిడ్డంగులలో అధికభాగం ప్రైవేటువే. కాని యార్డు లేకుంటే అవి అక్కడ వెలసేవి కావు.

రైతుకు యార్డును సూచించేటపుడు విస్తరణ శాస్త్రవేత్తలు ఒక చిన్న లెక్క వేయవలసి ఉంటుంది. క్వింటాలు ధర 10,000 రూపాయలనుకుంటే 1 శాతం రుసుము 100 రూపాయలు. చట్టరీత్యా దానిని చెల్లించేది కొనుగోలుదారు. లారీ కిరాయి, హమాలీ ఖర్చు, తూకంలో తరుగు, సొమ్ము చేతికందేవరకు పట్టే రోజుల వడ్డీ రైతువే.