డీజిల్ బండి: బలమూ, మన్నికా

ఎర్రసముద్ర తీరాన ఉన్న దుబా రేవు నుండి తబూక్ నగరానికి దూరం సుమారు 180 కిలోమీటర్లు. సముద్రమట్టాన బయలుదేరిన బండి కొండలు దాటి, దాదాపు 770 మీటర్ల ఎత్తున ఉన్న తబూక్ చేరుకోవాలి. వెనుక బరువైన ట్రైలరు, పైన వేసవి ఎండ. ఇటువంటి దారిలో ఇంజనుకు ఎంత బలం కావాలి? ఆ బలం ఎన్నేళ్లు నిలవాలి? ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

మొదట బలం సంగతి. సరుకుతో కలిపి 30 టన్నుల బండి, నూరు మీటర్లకు అయిదు మీటర్లు లేచే దారిని గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి, గాలి నిరోధాన్నీ చక్రాల నిరోధాన్నీ లెక్కించకపోయినా, సుమారు 220 అశ్వశక్తి అవసరం. 80 కిలోమీటర్ల వేగం కోరితే అది 440 అవుతుంది. వేగం రెట్టింపైతే శక్తి కూడా రెట్టింపు కావాలన్నమాట.

ఈ శక్తి దహనం వల్ల లభిస్తుంది. కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. తబూక్ ఎత్తున వాయుపీడనం సముద్రమట్టం కంటే సుమారు 9 శాతం తక్కువ. ఉష్ణోగ్రత 15 నుండి 45 డిగ్రీలకు పెరిగితే గాలి సాంద్రత మరో 9 శాతం తగ్గుతుంది. ఈ లోటును టర్బోచార్జరు పూడుస్తుంది. ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లో పేటెంటు పొందిన ఈ ఊహ, వృథాగా పోయే పొగ వేడితోనే గాలిని లోపలికి నెట్టిస్తుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. గాలికి మించి ఇంధనం చిమ్మితే బలం కొంత పెరుగుతుంది; నల్లని పొగా, వేడీ అంతకంటే ఎక్కువగా పెరుగుతాయి. చాలా ఇంజన్లలో పిస్టన్లు అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినవి. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. దాని బలం అంతకు చాలా ముందే సన్నగిల్లుతుంది. పిస్టనును అడుగు నుండి చల్లబరిచేది ఇంజను ఆయిలే.

ఆయిలుకూ వేడి శత్రువే. ఉష్ణోగ్రతకూ రసాయన చర్యల వేగానికీ గల సంబంధాన్ని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1889లో వివరించాడు. స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకూ ఆయిలు ఆక్సీకరణ వేగం రెట్టింపవుతుంది. ఆయిలు చిక్కబడి, ఆమ్లాలు పుట్టి, బేరింగులను తినివేస్తాయి. ఎడారి ధూళిలోని సిలికా మరింత అరుగుదల తెస్తుంది. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే గాలి తగ్గి వేడి మళ్లీ పెరుగుతుంది.

అందువల్ల అనుభవజ్ఞుడైన డ్రైవరు ఎత్తు రాకముందే గేరు తగ్గిస్తాడు. ఉష్ణోగ్రత ముల్లు మీద ఒక కన్ను వేసి ఉంచుతాడు. ధూళి దారుల్లో తిరిగే బండికి ఆయిలూ ఫిల్టరూ గడువుకు ముందే మారుస్తాడు. ఎత్తు ఎక్కిన వెంటనే ఇంజను ఆపడు. కొన్ని నిమిషాలు నెమ్మదిగా తిరగనిస్తాడు. లేనిచో టర్బో బేరింగులో నిలిచిన ఆయిలు మాడి బొగ్గవుతుంది.

గల్ఫ్ దేశాల్లో బండ్లు నడిపేవారిలో కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల బిడ్డలు ఎందరో ఉన్నారు. నడి ఎడారిలో ఇంజను పట్టేస్తే ఆగిపోయేది బండి ఒక్కటే కాదు. నీటి చుక్క దొరకని ఎండలో ఒక మనిషి చిక్కుపడతాడు. 20 కిలోమీటర్ల ఎత్తును 80కి బదులు 40 వేగంతో ఎక్కితే ఆలస్యమయ్యేది 15 నిమిషాలు మాత్రమే. ఇంటిల్లిపాదీ ఎదురుచూసే మనిషి క్షేమంగా చేరడానికి ఆ 15 నిమిషాలు పెద్ద మూల్యమేమీ కాదు.