తప్పు చెవిదా, గిటారుదా?

"నా చెవికి స్వరం అందదు మాష్టారూ!" అంటూ ఒక విద్యార్థి గిటారు మానేయబోయాడు. పరీక్షిస్తే తప్పు గిటారుదే! తీగల ఎత్తు తగ్గించగానే పాట కుదిరింది. తక్కువ ధర గిటారు కొనేముందు మీరూ ఇలా పరీక్షించండి.

వీణకున్నట్లే గిటారు మెడమీద కూడా మెట్లుంటాయి. వాటిలో 12వది తీగ పొడవులో దాదాపు సగం దగ్గర ఉంటుంది. ఆ మెట్టుపైన తీగకు వేలు ఊరకే ఆనించి మీటండి. తరువాత అక్కడే నొక్కి మీటండి. పొడవు సగమైతే కంపనాలు రెట్టింపవుతాయని చదివారు కదా! సెకనుకు 110 కంపనాలు చేసే తీగ రెండుసార్లూ 220 చేయాలి. నొక్కినప్పుడు స్వరం హెచ్చితే, తీగ మరీ ఎత్తున ఉండి నొక్కుడుకు సాగుతున్నదేమో చూడండి. పాత తీగయితే మార్చి చూడండి.

ఇక మన్నిక సంగతి. శ్రుతిచేసిన ఆరు ఉక్కుతీగల లాగుడు సుమారు 70 కిలోల బరువుకు సమానం! పలుచని చెక్క దానిని రాత్రింబగళ్లు భరించాలి. తీగలు బిగించిన బ్రిడ్జి వెనుక అంచున కాగితం దూర్చండి. లోపలికి పోయిందా, జిగురు ఊడుతున్నట్లే. కొన్నాక ఎండలో ఉంచకండి. వేడికి జిగురు మెత్తబడుతుంది.

చివరగా ఒక ప్రశ్న: 12వ మెట్టు నుండి తీగ రెండు కొసలకూ దూరం కొలవండి. బ్రిడ్జివైపు కొద్ది మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటుంది. ఎందుకో ఆలోచించండి!