నగరంలో నక్క – మన నడవడి

నక్క అనగానే మనకు పంచతంత్రంలోని కరటక దమనకులు స్ఫురిస్తారు. అరబ్బీ భాషలో వారే కలీలా, దిమ్నాలైనారు. జిత్తులమారి అనే అపకీర్తి ఈ జంతువుకు ఇటువంటి కథల వలననే వచ్చినది. ఆ కథలను కొంతసేపు పక్కనుంచి, మహానగరంలో మానవుని పొరుగున జీవిస్తున్న అసలు నక్కను పరిశీలిద్దాం.

ముందుగా పేర్ల విషయం. ఉర్దూలో గీదడ్ వేరు, లోమ్డీ వేరు. తెలుగులో మొదటిదానిని నక్క అనీ, రెండవదానిని గుంటనక్క అనీ అంటాము. కరటక దమనకులు మొదటి జాతివారు. లండన్, బ్రిస్టల్ వంటి బ్రిటిష్ నగరాలలో సంచరించేది రెండవ కోవకు చెందిన ఎర్రనక్క.

అది నగరానికి ఎందుకు వచ్చినది? రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అక్కడ పెరటితోటలు గల ఇళ్లతో శివారు పేటలు విస్తరించాయి. 1930ల నుండి నక్కలు ఆ తోటలలో స్థిరపడసాగాయి. వానపాములు, ఎలుకలు, పక్షులు, రాలిన పండ్లు, మనుషులు పారవేసిన ఎంగిలి మెతుకులు అన్నీ దానికి ఆహారమే. ఏటా ఒక్కసారి, సాధారణంగా మార్చి నెలలో, నాలుగైదు పిల్లలను కంటుంది.

వాటిని చంపి వదిలించుకొనరాదా అని కొందరు అడుగవచ్చును. ఒక నక్క పోతే, ఖాళీ అయిన తావులోకి మరొకటి వచ్చి చేరుతుంది. రేబిస్ వ్యాధిని అణచుటకు యూరప్ దేశాలు ఏళ్ల తరబడి నక్కలను చంపి చూచినా ఫలితం దక్కలేదు. 1978లో స్విట్జర్లాండ్‌లో కోడితలలలో టీకామందు ఉంచి నక్కలు తిరిగే చోట్ల వేశారు. 1999లో ఆ దేశం రేబిస్ రహితమైనట్లు ప్రకటించారు. తుపాకి చేయలేని పనిని టీకా చేసినది.

ఇక జాగ్రత్తలు. చెత్తడబ్బాకు బిగుతైన మూత ఉండాలి. నక్కకు చేతితో ఆహారం పెట్టరాదు. భయం పోయిన జంతువు ఇంటిలోకి రాసాగుతుంది. కోళ్లను, కుందేళ్లను రాత్రివేళ గట్టి ఇనుప జాలి గల గూళ్లలో ఉంచాలి. పసిపిల్లలు నిద్రించే గది తలుపు తెరచి ఉంచరాదు. నక్క మనిషిపై పడుట అరుదే అయినా, 2010లో లండన్‌లో ఒక ఇంటిలో నిద్రిస్తున్న కవల శిశువులను నక్క గాయపరచినది. పారిపోయే దారి లేకుండా దానిని మూలకు తరుమరాదు. ఒంటరిగా కనిపించిన నక్కపిల్లను తాకరాదు. తల్లి సమీపంలోనే ఉండవచ్చును.

ఇక్కడ ఒక భేదాన్ని విద్యార్థులు బాగుగా గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లోని నక్కలలో రేబిస్ లేదు. మన దేశంలో ఆ వ్యాధి ఉన్నది. కనుక మన ఊరి శివారులో నక్కగాని, గుంటనక్కగాని, కుక్కగాని కరచినా, గీరినా ఉపేక్షింపరాదు. వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. పసుపు, కారం, సున్నం పూయరాదు. లక్షణాలు కనిపించిన పిమ్మట ప్రాణం దక్కుట దాదాపు అసాధ్యం. మరొక మాట: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన నక్కలకు, గుంటనక్కలకు కూడా రక్షణ కల్పిస్తున్నది.

నక్కతోక తొక్కినవాడు అదృష్టవంతుడని మన పెద్దల మాట. ఆ తోకకు పది అడుగుల దూరాన నడచి, తన చెత్తడబ్బాకు మూత వేసుకొన్నవాడు అంతకంటె అదృష్టవంతుడని మా అభిప్రాయం.