సుడిదోమ లెక్క: మందు కంటే ముందు దుబ్బు వంచి చూడండి

ఉత్తర కార్తె వెళ్లి హస్త వచ్చేసరికి సార్వా వరి చాలాచోట్ల చిరుపొట్ట దశకు వస్తుంది. పైరు దట్టంగా అల్లుకుని, గట్టు మీద నిలబడి చూస్తే లోపలి నీళ్లు కూడా కనబడవు. ఆ నీడలో, నీటికి జానెడు ఎత్తులో, దుబ్బు మొదళ్లను పట్టుకుని సుడిదోమ రసం పీలుస్తూ గుడ్లు పెడుతూ ఉంటుంది. చిత్త కార్తెలో చేను మధ్య గుండ్రంగా పసుపు మచ్చ లేచి, వారం తిరిగేసరికి సుడులు సుడులుగా మాడిపోతే, ‘నిన్నటిదాకా బాగానే ఉంది, రాత్రికి రాత్రి దోమపోటు వచ్చింది’ అంటాం. రాత్రికి రాత్రి వచ్చింది మచ్చ ఒక్కటే. దోమ మాత్రం రెండు తరాల ముందే ఆ చేలో కాపురం పెట్టింది.

ఈ నెల సలహాలో మందుల పేర్లు చివరికి చెబుతాను. ముందు దోమ సంఖ్య ఎలా పెరుగుతుందో, ఎందుకు పెరగకుండా ఆగుతుందో రైతుకు తెలియాలి. అది తెలిసిన రైతు ఏటా ఒకటి రెండు పిచికారీలు అనాయాసంగా తగ్గించుకోగలడు. తెలియని రైతు దోమను తన చేత్తోనే పెంచుకుంటాడు. ఈ మాట కటువుగా అనిపించినా మార్చను, ఎందుకంటే అదే నిజం.

నాటిన రెండు మూడు వారాలకు పొడుగు రెక్కల దోమలు ఎగిరి వచ్చి చేలో దిగుతాయి. సంఖ్యలో కొద్దిగానే ఉంటాయి కాబట్టి ఎవరి కంటా పడవు. ఆడదోమ ఆకు తొడుగును చీల్చి లోపల గుడ్లు పెడుతుంది. మన వేడికి అవి వారం, తొమ్మిది రోజుల్లో పొదుగుతాయి. పిల్ల పురుగులు అయిదుసార్లు కుబుసం విడిచి సుమారు రెండు వారాల్లో పెద్దవవుతాయి. అంటే నెల తిరక్కుండానే ఒక తరం పూర్తవుతుంది. ఈ రెండో తరంలో పుట్టే ఆడవాటిలో చాలావాటికి రెక్కలు పొట్టిగా ఉంటాయి. అవి ఎగరలేవు, ఎక్కడికీ పోవు, పుట్టిన దుబ్బు దగ్గరే ఉండి ఎక్కువ గుడ్లు పెడతాయి. దుబ్బు మొదట్లో పొట్టి రెక్కల, లావుపాటి పొట్ట దోమలు కనబడుతున్నాయంటే తర్వాతి తరం మీ చేలోనే తయారవుతోందని అర్థం. చేను ఎండుముఖం పట్టి, తిండి తగ్గి, గుంపు పెరిగాక మళ్లీ పొడుగు రెక్కలవి పుట్టి పక్క చేలకు లేచిపోతాయి.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఒక ఆడదోమ 200 గుడ్లు పెట్టిందనుకోండి. వాటిలో సగం, అంటే 100, ఆడవి. ఆ నూటిలో 90 ఏదో ఒక కారణంతో చచ్చిపోతే 10 మిగులుతాయి. వినడానికి నూటికి తొంభై చావడం గొప్పగానే ఉంది. కానీ ఒకటి పదయింది. మొదట పది దుబ్బులకు ఒక ఆడదోమ ఉంటే, తర్వాతి తరానికి దుబ్బుకు ఒకటి, ఆపై తరానికి దుబ్బుకు పది. మగవాటినీ పిల్లలనూ కలుపుకుంటే ఇరవై పైమాటే. ఇది చక్రవడ్డీలా పెరిగే లెక్క. అదే నూటికి 99 చచ్చిపోతే? ఒకటికి ఒకటే మిగులుతుంది. పంట కోసేదాకా పది దుబ్బులకు ఒక దోమ దగ్గరే ఆగిపోతుంది. మాడిపోయిన చేనుకూ పచ్చగా కోతకొచ్చిన చేనుకూ మధ్య ఉన్న తేడా ఆ తొమ్మిదే. ఆ తొమ్మిదింటిని చంపేదెవరు అన్నదే అసలు ప్రశ్న.

చంపేవి చేలోనే ఉన్నాయి. దుబ్బుల మధ్య నీటి మీదుగా పరుగెత్తే తోడేలు సాలీడు రోజుకు అయిదు నుంచి పదిహేను పురుగుల్ని తింటుంది. ఆకుపచ్చగా, సన్నగా ఉండే మిరిడ్ నల్లి ఆకు తొడుగులో దాగిన గుడ్లలోకి ముక్కు గుచ్చి పీల్చేస్తుంది. రోజుకు ఏడు నుంచి పది గుడ్లు దానికి ఆహారం. ఏ మందూ సరిగా చేరలేని చోటికి చేరే పురుగు ఇది. చాలామంది రైతులు దీన్నే చూసి దోమ అనుకుని మందు డబ్బా పట్టుకొస్తారు. దోమ గోధుమరంగులో ఉండి మొదళ్ల దగ్గర అడ్డంగా కదులుతుంది. మిరిడ్ నల్లి పచ్చగా, కాస్త పొడుగ్గా, చురుగ్గా ఉంటుంది. కలుపు తీసే అక్కచెల్లెళ్లకు ఈ తేడా ఒక్కసారి చూపించండి. వంగి మొదళ్లు చూసే పని వాళ్లదే కాబట్టి అందరికంటే ముందు వాళ్లే గుర్తుపడతారు. అక్షింతల పురుగులు, తూనీగలు, గుడ్లలో గుడ్లు పెట్టే కంటికానని కందిరీగలు కూడా తలా కొంత పని చేస్తాయి.

నాటిన తొలి నెలలో ఆకుముడత చూసి కంగారుపడి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ కొడితే ఏమవుతుందో ఇప్పుడు ఊహించండి. మందు పై ఆకుల మీద పడుతుంది, మొదళ్లకు సరిగా దిగదు. తొడుగులోని గుడ్లకు ఏమీ కాదు. సాలీళ్లు, నల్లులు మాత్రం తుడిచిపెట్టుకుపోతాయి. వారంలో గుడ్లు పొదిగి పిల్లలు బయటికొచ్చేసరికి వాటిని తినేవాళ్లు లేరు. దోమ తరం నెలలోపే పూర్తవుతుంది, సాలీడు తరానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే మందు కొట్టిన చేలోనే దోమ ఎక్కువగా విరుచుకుపడుతుంది. క్వినాల్‌ఫాస్, మిథైల్ పారాథియాన్ విషయంలోనూ శాస్త్రవేత్తలు ఇదే చూశారు. ఫిలిప్పీన్స్ వరి చేలల్లో పీటర్ కెన్మోర్ ఏళ్ల తరబడి దోమల్ని లెక్కపెట్టి, మందు కొట్టని చేలల్లో మిత్రపురుగులే వాటిని అదుపులో ఉంచుతున్నాయని 1980ల మొదట్లో నిరూపించాడు.

ఈ పాఠాన్ని ఒక దేశం మొత్తం నేర్చుకున్న కథ ఇండోనేషియాది. అక్కడి ప్రభుత్వం పురుగుమందులకు ధరలో 80 శాతానికి పైగా సబ్సిడీ ఇచ్చేది. రైతులు లెక్కచూడకుండా కొట్టారు. 1970ల్లో ఒకసారి, 1980ల మధ్యలో మరోసారి జావా దీవి వరిని దోమ కబళించింది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని చెప్పుకున్న దేశం రెండేళ్లకే మళ్లీ భయపడాల్సి వచ్చింది. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరిలో 57 రకాల పురుగుమందుల్ని ఒక్క ఆదేశంతో నిషేధించాడు. 1989 నాటికి సబ్సిడీ పూర్తిగా ఎత్తేశారు. మందుల వాడకం పడిపోయింది, ధాన్యం దిగుబడి మాత్రం పడిపోలేదు. నిషేధం తర్వాత రైతుల్ని వారం వారం చేలోకి దింపి దోమల్నీ సాలీళ్లనూ లెక్కపెట్టించే బడులు పెట్టారు. మన దగ్గర పొలంబడి పేరుతో నడిచిన కార్యక్రమానికి మూలం అదే. పొలంబడిలో కూర్చున్న రైతులు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే ఈ వారమే వాళ్లను కలవండి.

ఇప్పుడు చేయాల్సిన పని

వారానికి ఒక రోజు ఖాయం చేసుకోండి. చేనుకు ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా నడుస్తూ 20 దుబ్బులు చూడండి. గట్టు పక్క దుబ్బులు లెక్కలోకి తీసుకోవద్దు. దుబ్బును వంచి మొదట్లో చేత్తో తడితే దోమలు నీటి మీద పడతాయి. దోమలు ఎన్ని, మిరిడ్ నల్లులూ సాలీళ్లూ ఎన్ని అన్నది విడివిడిగా పుస్తకంలో రాయండి. ఒక్క వారం అంకె ఏమీ చెప్పదు. రెండు మూడు వారాల అంకెలు పక్కపక్కన పెడితేనే చేను మాట్లాడుతుంది. దుబ్బుకు 3, తర్వాత 4, తర్వాత 5 అని ఉంటే మిత్రపురుగులు పని చేస్తున్నట్టు. 3, తర్వాత 9, తర్వాత 20 అని ఉంటే వాటి చేయి దాటిపోతున్నట్టు.

పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనిక దశలో 20 నుంచి 25 దోమలు దాటితేనే మందు గురించి ఆలోచించాలి. దోమలు రెండుంటే మిత్రపురుగు ఒకటి అన్న నిష్పత్తి ఉన్నప్పుడు ఆగి, మూడు నాలుగు రోజుల తర్వాత మళ్లీ చూడండి. మొదట మడిలో నీళ్లు తీసేసి రెండు మూడు రోజులు ఆరనివ్వండి, నేల నెర్రెలు విచ్చేదాకా మాత్రం వద్దు. మొదళ్ల దగ్గర తేమ, నీడ తగ్గితే దోమకు సుఖం తగ్గుతుంది. దోమ కనబడుతున్నప్పుడు యూరియా వేయకండి. నత్రజని ఎక్కువైన పైరు రసం తాగిన ఆడదోమ ఎక్కువ గుడ్లు పెడుతుంది, పిల్లలూ ఎక్కువగా బతుకుతాయి. చిరుపొట్ట దశలో వేయాల్సిన చివరి దఫాను కూడా దోమ లెక్క చూసుకునే వేయండి.

అంకె హద్దు దాటితే ఈ మందుల్లో ఏదైనా ఒకటి ఎంచుకోండి. పిల్ల పురుగులే ఎక్కువగా ఉంటే లీటరు నీటికి బుప్రోఫెజిన్ 25 శాతం 1.6 మిల్లీలీటర్లు చాలు. ఇది కుబుసం విడవనివ్వదు కాబట్టి పని కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది, కంగారుపడి మూడో రోజే ఇంకో మందు కొట్టకండి. పెద్దవీ చిన్నవీ కలిసి ఉంటే పైమెట్రోజిన్ 50 శాతం 0.6 గ్రాములు లేదా డైనోటెఫురాన్ 20 శాతం 0.4 గ్రాములు లీటరుకు, లేకపోతే ట్రైఫ్లుమెజోపైరిమ్ 10 శాతం ఎకరానికి 94 మిల్లీలీటర్లు. ఎకరానికి 200 లీటర్ల నీళ్లకు తగ్గకూడదు. చేను పాయలు తీసి, మొదళ్లు తడిసేలా సాయంత్రం పూట కొట్టాలి. ఆకుల మీదే కొట్టి వస్తే డబ్బుకూ నష్టమే, మిత్రపురుగులకూ నష్టమే. రెండో పిచికారీ తప్పనిసరైతే మందు మార్చండి. పైరిత్రాయిడ్‌ను వేటిలోనూ కలపవద్దు, దుకాణంలో ఎవరు చెప్పినా సరే.

మందు మార్చమనడానికి కారణం ఉంది. 1990ల్లో వచ్చిన ఇమిడాక్లోప్రిడ్ దోమ మీద అద్భుతంగా పనిచేసింది. 2003 తర్వాత ఆసియా దేశాల్లో ఒకదాని వెంట ఒకటిగా దాన్ని తట్టుకునే దోమలు బయటపడ్డాయి. అంతకు ముందు నుంచీ వేలల్లో ఒకటో రెండో అలాంటివి ఉండే ఉంటాయి. ఒకే మందు పదేపదే కొట్టేసరికి మిగతావి పోయి, వాటి సంతానమే చేలంతా నిండింది. వరి వంగడాల్లోనూ ఇదే జరిగింది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో దోమను తట్టుకునే ఐ.ఆర్. 26 విడుదల చేస్తే, ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో రెండు మూడేళ్లకే దాన్నీ తినగలిగే దోమలు పెరిగాయి. మన దేశపు దోమ మీద ఆ వంగడంలోని జన్యువు మొదటినుంచీ పనిచేయలేదు. కాబట్టి ఒక దేశంలో నిలబడ్డ విత్తనం ఇక్కడా నిలబడుతుందని అనుకోవద్దు.

వచ్చే కారుకు ఇప్పుడే

స్వర్ణ, సాంబ మసూరి దోమకు లొంగే రకాలు. బియ్యం నాణ్యత, ధర చూసి వాటిని వదులుకోలేని రైతుల ఇబ్బంది నాకు తెలుసు. కనీసం ఊరంతా అదే రకం కాకుండా, ఏటా దోమ వచ్చే పల్లపు చేలకు మారుటేరు పరిశోధన స్థానం ఇచ్చిన విజేత, ఇంద్ర, అమర లాంటి తట్టుకునే రకాలను ఎంచుకోండి. తట్టుకోవడమంటే అసలు రాకపోవడం కాదు, వాటిలోనూ వారం లెక్క తప్పదు. నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలండి. గాలీ వెలుతురూ మొదళ్లకు అందుతాయి, పిచికారీ మనిషికి దారీ ఉంటుంది. ఆ బాటల వల్ల దుబ్బులు తగ్గి దిగుబడి పోతుందన్న భయం వద్దు, బాట పక్క దుబ్బులు బలంగా పిలకలు వేస్తాయి.

జపాన్ చలికి ఈ దోమ బతకలేదు, ఏటా దక్షిణం నుంచి సముద్రం దాటి రావాల్సిందే. మనకు ఆ వరం లేదు. సార్వా కోతకొచ్చేలోపు దాళ్వా నారుమళ్లు పడితే, వానాకాలం వరి ఉండగానే యాసంగి నాట్లు మొదలైతే, దోమకు ఏడాది పొడవునా పచ్చని మొదళ్లు దొరుకుతాయి. ఒకే కాలవ కింది రైతులంతా రెండు మూడు వారాల తేడాలో నాట్లు పూర్తిచేసి, పంటకూ పంటకూ మధ్య నెల రోజులైనా వరి లేకుండా ఉంచగలిగితే దాని తరాల గొలుసు తెగుతుంది. గోదావరి డెల్టాకూ నిజామాబాదుకూ, తుంగభద్ర ఆయకట్టు క్యాంపుల్లో స్థిరపడ్డ మన రైతులకూ ఇది ఒకేలా వర్తిస్తుంది. ఇది ఒక్క రైతు చేతిలో లేదు, నీటి సంఘం కూర్చుని తేదీ పెట్టుకోవాలి.

మందు కొట్టినవాళ్లు ఏడో రోజున మళ్లీ 20 దుబ్బులు చూడండి. అప్పుడు కనబడే తెల్లటి చిన్న పిల్లలు మందు విఫలమై మిగిలినవి కావు, ఆనాడు తొడుగుల్లో ఉన్న గుడ్లలోంచి వచ్చినవి. వాటి సంఖ్య హద్దు లోపల ఉంటే వాటిని సాలీళ్లకూ మిరిడ్ నల్లులకూ వదిలేయండి. పక్క చేను రైతుకు మీ లెక్కల పుస్తకం చూపించండి, అతని అంకెలు కూడా అడిగి రాసుకోండి.