కంటిపుండు నేర్పిన పాఠాలు

నంద్యాల జిల్లా రుద్రవరం చుట్టుపక్కల ఊళ్లలో కంటి పరీక్షలు చేస్తూ నా ఉద్యోగం గడిచింది. నాయనా, నీకు వినే ఓపిక ఉందని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

1. వడ్లగింజ చిన్నదే, అది చేసే గాయం చిన్నది కాదు.
నూర్పిళ్లప్పుడు గింజ ఎగిరి కంట్లో తగులుతుంది, లేదా వరి ఆకు గీసుకుంటుంది. నల్లగుడ్డు పైపొర కాస్త చెదిరితే చాలు, మట్టిలోని ఫ్యూజేరియం, ఆస్పర్జిల్లస్ వంటి ఫంగస్ లోపలికి దిగుతుంది. తర్వాత పుండు పడి గుడ్డు మీద తెల్లమచ్చ తేలుతుంది. మావాళ్లు 'పువ్వేసింది' అంటారు.

2. ఎరుపు తగ్గితే రోగం తగ్గినట్టు కాదు.
మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలతో ఎరుపూ నొప్పీ తగ్గుతాయి, లోపల ఫంగస్ మాత్రం అడ్డులేకుండా పెరుగుతుంది. అలా కన్ను పోగొట్టుకున్న రైతులను చూశాను. ఆ చుక్కలు అమ్మేవాళ్లలో తెలిసినవాళ్లున్నా గట్టిగా వారించలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

3. మందుకు లొంగనిది వెలుగుకు లొంగవచ్చు.
1900లో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి తాను గమనించిన ఒక విషయం ప్రచురించాడు. అక్రిడిన్ రంగు కలిపిన నీటిలోని సూక్ష్మజీవులు వెలుతురు పడితే చచ్చాయి, చీకట్లో బతికాయి. చర్మక్షయకు కాంతి చికిత్స చేసిన నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ వచ్చింది. యాంటీబయాటిక్స్ రాగానే ఆ దారి మరుగున పడింది. అవి పనిచేయని క్రిములు పెరిగాక డాక్టర్లు మళ్లీ అటు చూస్తున్నారు. మయామీలోని బాస్కమ్ పామర్ కంటి సంస్థ వాళ్ల పద్ధతిలో రోజ్ బెంగాల్ అనే గులాబీరంగు మందును పుండు మీద అరగంట నాననిచ్చి, పావుగంట ఆకుపచ్చ వెలుగు పెడతారు. వెలుగు తగిలిన రంగు అక్కడి ఆక్సిజన్‌ను మార్చి క్రిమి పొరలనూ ప్రొటీన్లనూ ఒకేసారి చీలుస్తుంది. యాంటీబయాటిక్ సాధారణంగా ఒక్కచోటే దెబ్బ కొడుతుంది, క్రిమి ఆ ఒక్కచోటు మార్చుకుని తప్పించుకుంటుంది. ఇన్నిచోట్ల దెబ్బ పడితే తప్పించుకోవడం కష్టం.

4. వెలుగు అందినంత మేరే పని.
పుండు లోతుకు పోతే కాంతి చేరదు. పైగా అన్ని కాంతులూ ఒకటి కావు. రైబోఫ్లావిన్ అనే మందు వేసి అతినీలలోహిత కాంతి పెట్టే పద్ధతిని మధురై అరవింద్ ఆసుపత్రిలో ఫంగస్ పుండ్ల మీద పరీక్షించారు. మందులకు అదనంగా లాభమేమీ కనబడలేదని 2020లో తేలింది. అందుకే ఈనాటికీ ఫంగస్ పుండుకు మొదటి మందు నాటమైసిన్ చుక్కలే. ఇంట్లో ఏ లైటూ కంటికి పెట్టుకోవద్దు.

నాయనా, కంట్లో వరి తగిలితే మంచినీళ్లతో కడిగి, ఆ రోజే నంద్యాల వెళ్లి కంటి డాక్టరుకు చూపించు. పుండు పడితే దాన్ని కాస్త గీకి, ఏ క్రిమి ఉందో పరీక్ష చేయమని నువ్వే అడుగు.