సంకల్పమున దేశకాలములు: నాడు భూమి ఎక్కడ నుండెను?

సంధ్యావందనమునగాని, దేవతార్చనయందుగాని సంకల్పము చెప్పుకొనునపుడు ఆస్తికులు తామెక్కడ నున్నారో, ఏ కాలమున నున్నారో ముందుగా నివేదించుకొందురు. శ్వేతవరాహకల్పము మొదలుకొని నేటి తిథివార నక్షత్రముల వరకు కాలము; జంబూద్వీపము మొదలుకొని స్వగృహము వరకు దేశము. రామగుండము చెంతనున్న జ్యోతినగర్ వాస్తవ్యులైనచో శ్రీశైలమునకు ఉత్తరముగ, గోదావరికి దక్షిణతీరమున నున్నామని చెప్పుకొందురు. ఇది నేటి మాట. ఆ ప్రాంతపు సింగరేణి గనులనుండి వెలువడు బొగ్గు పచ్చని అడవిగా నున్ననాడు ఈ దేశమును ఏమని చెప్పవలసియుండెడిదో విచారింతము.

సింగరేణి బొగ్గు పర్మియన్ యుగమునాటిది. స్థూలముగ 28 కోట్ల సంవత్సరములని గ్రహింతము. ఆ పొరలయందు గ్లాసోప్టెరిస్ అను చెట్టు ఆకుల ముద్రలు దొరకును. వానికి దిగువన మంచునదులు ఈడ్చి తెచ్చిన గుండ్రాళ్లు గలవు. వేసవిలో నిప్పులు చెరుగు ఈ సీమ నాడు మంచు కరగి తేలిన చలినేల! ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో నొక్కటియై దక్షిణార్ధగోళమున నుండెను. ఆ మహాఖండమునకు గోండ్వానా యని పేరు. మన గోండుల సీమ పేరే లోకమంతటను వ్యాపించినది. శిలలందలి ఇనుప రేణువులు తామేర్పడిననాటి భూ అయస్కాంత దిశను పట్టియుంచును. ఆ వాలును కొలిచి నాటి అక్షాంశమును తేల్చుదురు. రేఖాంశము మాత్రము ఈ ఉపాయమునకు లొంగదు.

దినప్రమాణము సైతము వేరు. చంద్రాకర్షణచే కలుగు సముద్రపు పోటులవలన భూభ్రమణము మెల్లమెల్లగ మందగించుచున్నది. 1963లో జాన్ వెల్స్ అను శాస్త్రజ్ఞుడు సుమారు 38 కోట్ల ఏండ్లనాటి పగడపు శిలాజములందలి సన్నని గీతలను లెక్కించి, నాడు ఏడాదికి ఇంచుమించు 400 దినములని చూపెను. మన బొగ్గు అడవికి అహోరాత్రము సుమారు 23 గంటలే.

ఇక సూర్యుని చుట్టు భూమి ఏ రాశి కెదురుగ నుండెనో గుణింపబూనినచో చిక్కు వచ్చును. వెనుకకు పోయినకొలది లోపము పెరుగును. ఇది మన సిద్ధాంతులకును తప్పలేదు. కలి 3600 సంవత్సరములు గడచిననాటికి, అనగా క్రీ.శ. 499లో, తనకు 23 ఏండ్లని ఆర్యభటుడు చెప్పుకొనెను. సిద్ధాంతకారులు క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18ని కల్యాదిగ నిలిపి, ఆనాడు గ్రహములు మేషాదియందు కూడెనని గ్రహించిరి. నేటి గణితము ప్రకారము అవి ఆకాశమున నొక పార్శ్వమున చేరియున్నను ఒక్క బిందువున లేవు. దీనిచే వారి ప్రజ్ఞకు లోటు కలిగినదని తలపరాదు. దినములను లెక్కించు అహర్గణమునకు ఆ ఆది నేటికిని చక్కగ పనికివచ్చుచున్నది.

నేటివారి గణితమునకును హద్దు కలదు. ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాక్ లాస్కర్ 1989లో దీనిని నిరూపించెను. భూమి స్థానమును కొలుచుటలో నేడు 15 మీటర్ల పొరపాటున్నచో, 10 కోట్ల సంవత్సరముల లెక్కలో అది 15 కోట్ల కిలోమీటర్లగును. అది భూసూర్యుల నడిమి దూరమంత! కావున 6 కోట్ల సంవత్సరములకు మించి భూకక్ష్యను నమ్మకముగ గుణింపజాలరు. గురుశుక్రుల ఆకర్షణవలన ఆ కక్ష్య కొంత కోలయై మరల గుండ్రనగు 4,05,000 సంవత్సరముల ఆవర్తము మాత్రము చెదరక, 20 కోట్ల ఏండ్లకు పైబడిన శిలల పొరలలోను కానవచ్చుచున్నది.

సూర్యుడును నిలిచియుండలేదు. ఆకాశగంగ కేంద్రమునకు 26, 27 వేల కాంతిసంవత్సరముల దూరమున, సెకనుకు సుమారు 230 కిలోమీటర్ల వేగమున దానిని చుట్టుచున్నాడు. కాంతిసంవత్సరమనగా దాదాపు 9.5 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఒక చుట్టునకు 22, 23 కోట్ల సంవత్సరములు పట్టును. ఆకాశగంగ ఉత్తరధ్రువము వైపునుండి చూచువారికి అది ప్రదక్షిణముగనే తోచును. దక్షిణమునుండి చూచినచో అప్రదక్షిణము, కావున దీనికి విశేషార్థము కల్పింపనక్కరలేదు. షష్టిపూర్తి నాటికి సంవత్సరము పేరు తిరిగివచ్చును గాని, భూమి పూర్వస్థానమునకు రాదు. ఆ 60 ఏండ్లలో సూర్యునితోగూడ 43 వేల కోట్ల కిలోమీటర్లకు పైగా సాగిపోయియుండును.

ఈ చలనమును తెలియవలెనన్నచో నక్షత్రముల కదలికలను కొలువవలెను. ఇందు హైదరాబాదునకు భాగము కలదు. 1901లో నెలకొల్పబడిన నిజామియా వేధశాల, బేగంపేటనుండి, ప్రపంచ వేధశాలలు పంచుకొని చేసిన నక్షత్ర ఛాయాచిత్ర పట్టికయందు దక్షిణ క్రాంతి 17 నుండి 23 అంశల వరకు గల పట్టీని స్వీకరించినది. 1918 నుండి టి.పి.భాస్కరశాస్త్రి దానికి అధ్యక్షుడై రేయింబవళ్లు ఆ పనిని నడపెను. గాజుపలకలపై ఒక్కొక్క చుక్కను కొలిచి సంపుటములుగ ప్రకటించిరి. ఆ అంకెలకు ఫలితము చాలకాలమునకు కనబడినది. 1989లో ఎగిరిన హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలను ఆ పాత పట్టికతో పోల్చి, 2000లో సుమారు 25 లక్షల నక్షత్రముల గతులను టైకో-2 అను పట్టికగ వెలువరించిరి. ఒకనాటి కొలత ఎంత సూక్ష్మమైనను చలనమును చూపజాలదు. వెనుకటి తరమువారి కొలత ప్రక్కన నుండవలెను.

ఈ లెక్కనుబట్టి మన బొగ్గు అడవి నాటికి సూర్యుడు ఇంచుమించు ఒకటింబావు చుట్టు వెనుకనుండెను. అది రెండు లక్షల కాంతిసంవత్సరముల బాట. వేగమున నూటికి ఐదు వంతుల తేడా యున్నచో, చోటు 10 వేల కాంతిసంవత్సరములు అటునిటు జరుగును. సూర్యుడు కేంద్రమునకు కొంత చేరువగుచు, కొంత దూరమగుచు, పైకి క్రిందికి ఊగుచు పోవును గనుక దూరమును సైతము నేటిదే యని చెప్పరాదు. ఇదియంతయు ఆకాశగంగ కేంద్రమును గుఱుతుగ పెట్టుకొని చెప్పినది. ఆ కేంద్రమును కదలుచున్నదే. ఆకాశమున పాతిన గుంజ యేదియు లేదు. శ్రీశైలమును, గోదావరిని చెప్పుకొనినట్లు, ఏదో యొక గుఱుతునుండియే చోటును చెప్పవలెను.